హరిలాల్ అన్న తొందర

హరిలాల్ అన్న రిటైరైన రోజున ఆయన గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని నన్ను మైకు ముందుకు తోశారు. ముప్పై ఏళ్లలో ఆయన ఒక్క లారీని కూడా ఊరికే నిలబెట్టలేదని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కూడా కొట్టాడు, అందరికంటే ముందు మొదలుపెట్టి అందరికంటే ముందు ఆపేశాడు. మెడలో పడిన దండను రెండో నిమిషంలోనే తీసి కుర్చీకి తగిలించాడు. ఆయన భార్య లాలి వదిన ఆ రోజు రాలేదు. ఎందుకు రాలేదో ఆ గుంపులో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే, కానీ నోరు విప్పలేదు. అక్కడ చెప్పనిదే ఇక్కడ రాస్తున్నాను. రాస్తున్నవాడు మంచివాడని మాత్రం అనుకోకండి.

మాది సారపాకలో ఒక కాంట్రాక్టరు కలప యార్డు. అడవి నుంచి వెదురు, చేల నుంచి జామాయిల్ కర్ర లారీల్లో వస్తాయి. గేటు దగ్గర టోకెన్ ఇచ్చేది హరిలాల్ అన్న, లోపల కాటా మీద తూకం రాసేది నేను. నా పేరు ఉదయ్ భాస్కర్. మా తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి ఇటు వచ్చి పొలాలు కొనుక్కున్న కుటుంబం మాది. నాకు తొందర పడదు. ఇంట్లో తిండికి లోటు లేనివాడికి నిదానం బాగానే అబ్బుతుంది.

హరిలాల్ అన్నది పినపాక దగ్గర ఒక తండా. పడుచు వయసులో పెళ్లాంతో సారపాక వచ్చి గుడిసె వేసుకున్నాడు. అప్పట్లో యార్డులో పనికి ఒక పద్ధతి ఉండేది. పొద్దున్నే గేటు దగ్గరికి ముందు చేరిన నలభై మందికే పని, నలభై ఒకటోవాడు ఇంటికి. ఒకరోజు ఈయన నలభై ఒకటోవాడయ్యాడు. ఇంట్లో మొదటి కూతురు జ్వరంతో ఉంది. ఆ రోజు కూలి లేక, భద్రాచలం దవాఖానాకు తీసుకుపోవడం ఒకరోజు వెనకబడింది. పిల్ల దక్కలేదు. ఈ సంగతి ఆయన నాకు ఒకే ఒక్కసారి చెప్పాడు, అదీ కాటా నుంచి గేటుకు నడుస్తూ నడుస్తూ. గేటు రాగానే మాట ఆపేసి టోకెన్లు ఇవ్వడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత ఆయన ఎప్పుడూ నలభై ఒకటోవాడు కాలేదు. కూలి నుంచి మేస్త్రీ, మేస్త్రీ నుంచి టోకెన్ క్లర్కు అయ్యాడు. అన్నం నిలబడి తినేవాడు. గడ్డం ఒక చెంప గీసుకుంటూ రెండో చెంపకు సబ్బు రాసేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న కట్టర్ ఉండేది. వెదురు కట్టలకు ఇనుప తీగ బిగించి పంపుతారు. క్లీనర్ ఆ ముడి విప్పుతానంటూ కూర్చుంటే ఈయన ఊరుకోడు. టక్కున కత్తిరించి, "నడువ్, నెక్స్ట్" అనేవాడు. విప్పడం అనే పని ఆయనకు రాదు.

లాలి వదినది వేరే లోకం. ఎండాకాలం తునికాకు కోతకు పోయేది, మిగతా రోజుల్లో గుమ్మంలో కూర్చుని అద్దాల పని కుట్టేది. పొద్దుటి చాయ్ అరగంట తాగేది. ఊదుకుంటూ, రోడ్డు చూస్తూ, కప్పు అడుగున మిగిలిన చుక్క దాకా. యాభై దగ్గర పడుతున్నా తండా బట్టలే కట్టేది: అద్దాల రవిక, కుచ్చుల లంగా, చెంపల మీద వెండి బుట్టలు. మోచేతుల పైన తెల్లటి గాజులు, చేతికి తొమ్మిది చొప్పున రెండు చేతులకు పద్దెనిమిది. పెళ్లిలో ఎక్కించినవి. చెయ్యి లావెక్కాక అవి ఇక కిందికి రావు, రావాల్సిన పనీ లేదు. వాళ్లలో ఆ గాజులు ఒక్కరోజే దించుతారు, మొగుడు పోయిన రోజు. కొడుకు శ్రీధర్ ఖమ్మంలో గవర్నమెంటు ఉద్యోగంలో చేరి, ఖానాపురం హవేలిలో ఇల్లు కిరాయికి తీసుకున్నాక, చీర కట్టుకోమని ఆమెను చాలాసార్లు అడిగాడు. "కడతలే బిడ్డా" అనేది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆయన ఇరవై అడుగులు ముందు నడిచేవాడు, ఆమె వెనక. ఒకసారి సంత నుంచి ఇల్లు చేరాక గాని ఆయన భార్య వెంట లేదని గమనించలేదు.

2006 ఫిబ్రవరిలో మా ఆవిడ పద్మప్రియ ఒక కరపత్రం తెచ్చింది. హైదరాబాద్ అవతల కొత్తగా ఒక ఆటల పార్కు తెరిచారు. ఒక్క టికెట్టు, రోజంతా, ఎన్ని ఆటలైనా ఆడుకోవచ్చు. రెండు కుటుంబాలూ కలిసి సుమో మాట్లాడుకుని పోదామన్నది ఆవిడ ఆలోచనే. లాలి వదినకు బొమ్మలు చూపించి, "ఏది ఎక్కాలనుంది అక్కా?" అని అడిగింది. వదిన ఆ బొమ్మల్లో గాల్లో తలకిందులుగా వేలాడుతున్న మనుషుల్ని చాలాసేపు చూసింది.

"ఎక్కుడు సంగతి తర్వాత చెల్లె. ఈళ్లు గిట్ల ఎందుకు ఒర్రుతుండ్రో పొద్దందాక కూసుని చూస్త" అంది.

హరిలాల్ అన్న కరపత్రం లాక్కుని ఆటలు లెక్కపెట్టాడు. ఇరవై నాలుగు. పార్కు పదింటికి తెరుస్తారు, ఆరింటికి మూస్తారు. ఎనిమిది గంటలంటే ఆటకు ఇరవై నిమిషాలు. టోకెన్ పుస్తకం వెనక అట్ట మీద గీతలు కొట్టి, ఒక పక్క ఆట పేరు, ఒక పక్క టైము రాశాడు. ఎన్నయినా ఆడొచ్చు అంటే అన్నీ ఆడాలనే ఆయనకు అర్థమైంది.

"మరి తిండి ఎప్పుడన్నా?" అన్నాను.

"లైన్ల నిలబడి తింటం."

ప్రయాణమంతా అదే తంతు. ఖమ్మంలో కొడుకు ఇంటికి పావుగంట కేటాయించాడు. కోడలు ప్రమీల ఉప్మా ప్లేట్లలో పెట్టేసరికి పన్నెండు నిమిషాలయింది, మిగతా మూడు నిమిషాల్లో తినగలిగినంత తిన్నాం. సూర్యాపేటలో చాయ్‌కి ఏడు నిమిషాలు. లాలి వదిన ఊదుకుంటూ కూర్చుంటే ఆయన వెళ్లి సుమో హారన్ మీద చెయ్యి పెట్టాడు. ఆమె సగం కప్పు మట్టిలో పారబోసి వచ్చింది. మేం నవ్వాం. చెప్పాలంటే నేనే ఎక్కువ నవ్వాను. ఆయన పక్కన ఉంటే నేను ఎంత తీరికైన మనిషినో నాకు బాగా తెలిసేది, ఆ తెలియడం నాకు ఇష్టం.

రాత్రి లాడ్జిలో పడుకుని మర్నాడు తొమ్మిదిన్నరకే పార్కు గేటు ముందు నిలబడ్డాం. లోపలికి తిండి తీసుకుపోనివ్వరన్నారు. వదిన కట్టుకొచ్చిన జొన్నరొట్టెల మూట సుమోలోనే ఉండిపోయింది. గేటు తెరిచే లోపు నేను ఆయనకు చెప్పాను.

"అన్నా, మేమిద్దరం నిదానంగా తిరుగుతాం. అయినంతవరకు చూస్తాం, అలిసిపోతే కూర్చుంటాం. వదిననీ మాతో వదిలెయ్, నువ్వు నీ ఇష్టం వచ్చినట్టు పరిగెత్తు."

"ఆమె టికెట్టు గూడ కొన్న గదా తమ్మీ. ఆమెకు గూడ ఇరవై నాలుగు కావాలె."

"అయినా ఇరవై నాలుగూ నీ వల్ల కాదులే అన్నా."

ఆ మాట అన్నది నేనే. సరదాకే అన్నాను. ఆయనకు సరదా అంటే ఏమిటో తెలియదని నాకు తెలుసు. ఆయన అట్ట తీసి మళ్లీ ఒకసారి చూసుకున్నాడు, వదిన మణికట్టు పట్టుకున్నాడు, గేటు తెరవగానే లోపలికి ఉరికాడు.

పొద్దుటిపూట వాళ్లు మాకు అక్కడో ఇక్కడో కనిపిస్తూనే ఉన్నారు. ముందు ఆయన తెల్లచొక్కా, వెనక ఆమె అద్దాలు ఎండకు తళుక్కుమంటూ. ఒక ఆట దిగి ఇంకో ఆటకు పోయే దారిలో ఆమె ప్రతిచోటా ఆగబోయేది. సిమెంటు కొండ మీద నుంచి పడుతున్న నీళ్లను వేలితో తాకి చూసింది. ఒక చిన్న పడవ ఆటలో మేమూ వాళ్లతో ఎక్కాం. కాలవ మీద మెల్లగా, చెట్ల కింద నుంచి పోతుంది. ఆ రోజు మొత్తంలో వదిన నవ్వు చూసింది అక్కడే. దిగాక, "ఇంకోసారి ఎక్కుదామా?" అని మొగుణ్ని అడిగింది.

"ఎక్కినం గదా, అయిపోయింది" అని ఆయన అట్ట మీద గీత కొట్టాడు.

రెండింటికి పదమూడు గీతలు పడ్డాయి. పద్నాలుగోది పార్కు మొత్తానికి పెద్ద ఆట, మనుషుల్ని తలకిందులు చేసి తిప్పే రైలు. దానికి లైను కొండచిలువ లాగా మెలికలు తిరిగి ఉంది. ముప్పావుగంట నిలబడ్డారు. ఆయన అట్ట మీది లెక్క తారుమారైంది. వాళ్లు గేటుకు చేరేసరికి నేనూ మా ఆవిడా కటకటాలకు ఇవతల చెట్టు కింద బెంచీ మీద కూర్చుని, కప్పుల్లో ఐస్‌క్రీమ్ తింటున్నాం. వాళ్లకు మాకు మధ్య పది అడుగులు కూడా లేవు. ప్రతి మాటా వినపడింది.

టోపీ పెట్టుకున్న పార్కు కుర్రాడు వదిన చేతులు చూసి ఆపాడు.

"అమ్మా, గాజులు తీసెయ్యాలి. పైనుంచి ఇనుప బారు దిగుతుంది. చేతికి గట్టివి ఉంటే నొక్కుకుపోయి ఎముక విరుగుతుంది."

"అవి రావు" అంది వదిన.

"రాకపోతే పక్కకు జరగండమ్మా. వెనక జనం ఉన్నారు."

ఆ మాటకు వదిన మొహం తేలికపడింది. "నేను గా చెట్టుకింద కూసుంటా. నువ్వు పోయిరా" అంది మొగుడితో, వాళ్ల భాషలో. ముప్పై ఏళ్లుగా వింటున్న భాష, నాకు అర్థమవుతుంది.

"సార్, మీరు ఒంటరిగా ఎక్కకూడదు. జంట సీట్లు. పక్కన ఎవరైనా ఉండాలి" అన్నాడు కుర్రాడు.

హరిలాల్ అన్న ఇటు తిరిగి నన్ను చూశాడు.

"తమ్మీ, నువ్వు వస్తవా?"

నా కప్పులో ఇంకా సగం ఐస్‌క్రీమ్ ఉంది. లేచి పది అడుగులు వేస్తే సరిపోయేది. ఆయన పక్కన రెండు నిమిషాలు కూర్చుంటే సరిపోయేది. లేవాలని ఒక్క క్షణం అనిపించింది కూడా. కానీ ఇప్పుడు ఈయన ఏం చేస్తాడో చూద్దాం అనే ఆశ దానికంటే పెద్దదైంది.

"మేం నిదానంగా తిరుగుతున్నాం కదన్నా, నువ్వు కానియ్" అన్నాను.

ఆయన జేబులో చెయ్యి పెట్టాడు. కట్టర్ బయటికి తీయడం చూసి కూడా నాకు వెంటనే అర్థం కాలేదు. వదినకు అర్థమైంది. ఆమె వెనక్కి జరగలేదు, చెయ్యి లాక్కోలేదు. ఆయన మొహంలోకి చూసింది.

"నువ్వు బతికే ఉన్నవు" అంది.

"అవ్, బతికే ఉన్న. ఇగో నీ ఎదురుంగనే ఉన్న. మరి భయమేంది? ఇంటికి పోంగనె కొత్తయి తెస్త. చెయ్యి ఇటు పెట్టు, జల్దీ."

మొదటి గాజు టక్కుమంది. వెనక లైనులో కాలేజీ పిల్లల గుంపు ఒకటి ఉంది. ముప్పావుగంట నిలబడి విసిగిపోయినవాళ్లకు ఇదొక వినోదంలా దొరికింది. ఒకడు పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, మిగతావాళ్లు అందుకున్నారు. మూడు, నాలుగు, ఐదు. ఆరోదానికి కట్టర్ మొన చర్మంలో దిగి సన్నగా రక్తం వచ్చింది. ఆయన బొటనవేలితో తుడిచేసి ఏడోది పట్టుకున్నాడు. ఒక చెయ్యి అయిపోయాక రెండో చెయ్యి ఆమే చాచింది. పద్దెనిమిదోది తెగి కింద పడగానే పిల్లలంతా చప్పట్లు కొట్టారు. నేను వాచీ చూసుకున్నాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"నడువ్" అన్నాడు హరిలాల్ అన్న.

వాళ్లు రైలెక్కారు. అది కిందా మీదా తిరుగుతుంటే అందరూ ఒర్రుతున్నారు. వాళ్ల సీటు మా ముందు నుంచి తలకిందులుగా పోయినప్పుడు చూశాను. ఆయన నోరు తెరిచి ఉంది. ఆమె కళ్లు తెరిచి ఉన్నాయి, నోరు మూసి ఉంది.

దిగాక ఆయన అట్ట చూసుకుంటూ పదిహేనో ఆటకు పోయాడు. ఆమె పోలేదు. తిరిగి గేటు దగ్గరికి వచ్చి వంగి తెల్లటి ముక్కలు ఏరుకుంటోంది. అప్పటికే పార్కు ఊడ్చే మనిషి ఒకామె చీపురుతో వాటిని చేటలోకి ఎత్తుతోంది. కంపెనీ వాళ్ల ఆకుపచ్చ కోటు కింద కుచ్చుల లంగా కట్టుకుని ఉంది. ఏ పాలమూరు తండా మనిషో. చేటలోని ముక్కలు చూసింది, వదిన చేతుల మీద పాలిపోయిన చర్మం చూసింది. చీపురు కింద పెట్టేసింది.

"ఎప్పుడు పోయిండు అక్కా?" అంది వాళ్ల భాషలో.

"ఇప్పుడే" అంది లాలి వదిన.

ఊడ్చే ఆమె నేల మీద కూర్చుని, వదిన మెడ చుట్టూ చేతులు వేసి, రాగం తీసి ఏడవడం మొదలుపెట్టింది. వాళ్ల ఆడవాళ్లు చావుకు అలాగే ఏడుస్తారు, ముక్కూ మొహం తెలియనివాళ్ల కోసమైనా సరే. వదిన ఏడవలేదు, ఆమె భుజం మీద తల ఆనించి ఉండిపోయింది. అంత గోలలోనూ ఆ ఏడుపు సన్నగా వినపడుతూనే ఉంది. ఇంతలో ఒక సూపర్‌వైజర్ వచ్చి, "ఇక్కడ ఏడవకూడదు, గెస్టులు చూస్తున్నారు" అని ఊడ్చే ఆమెను లేపి పంపించాడు. ఆమె పోతూ పోతూ ముక్కలన్నీ కోటు జేబులోని గుడ్డలో మూటగట్టి వదిన ఒడిలో పెట్టింది.

పద్మప్రియ నా వైపు చూసింది. "మీరు లేచి ఉండాల్సింది" అంది. ఆవిడ ఆ విషయం గురించి నాతో అన్న మాట అదొక్కటే. 

హరిలాల్ అన్న మిగతా పది ఆటలూ ఒక్కడే ఆడాడు. ఐదూ నలభైకి పూర్తిచేశాడు. ఇంకా ఇరవై నిమిషాలు మిగిలింది. ఆ ఇరవై నిమిషాలు ఏం చేయాలో ఆయనకు తోచలేదు. సుమోలో కూర్చుని మా కోసం హారన్ కొట్టాడు.

మర్నాడు యార్డులో, "ఇరవై నాలుగుకు ఇరవై నాలుగు" అని ఆయన గేటు దగ్గర చెప్పుకున్నాడు. గాజుల కథ కాటా దగ్గర చెప్పింది నేను. పిల్లలు లెక్కపెట్టడం, చప్పట్లు కొట్టడం అన్నీ నటించి చూపించాను. డ్రైవర్లు పడీ పడీ నవ్వారు.

లాలి వదిన ఆ పొద్దున్నే బస్సెక్కి తండాకు పోయింది. తిన్నగా జంపక్క ఇంటికి పోయింది. జంపక్క హరిలాల్ అన్నకు మేనత్త, ముసలావిడ, తండాలో పెళ్లికూతుళ్లకు గాజులు ఎక్కించేది ఆమే. వదిన చెంపల మీద వెండి బుట్టలు కూడా తీసేసి, గుమ్మం బయట కూర్చుంది. తండా ఆడవాళ్లు ఒకరొకరే వచ్చారు. మొగుడు సారపాకలో నిక్షేపంగా టోకెన్లు ఇస్తుంటే ఈమెను ఓదార్చాలో తిట్టాలో ఎవరికీ తెలియలేదు. అటువంటిది ఆ తండాలో అంతకుముందు ఎప్పుడూ జరగలేదు.

చివరికి తండా పెద్ద నాయక్ లాల్‌సింగ్ తీర్పు చెప్పాడు. మొగుడే కత్తిరించాడు కనుక మొగుడే కొత్తవి తేవాలి. జంపక్క నూనె రాసి ఎక్కిస్తుంది. మొదటి గాజు నుంచి చివరి గాజు దాకా హరిలాల్ ఆమె ఎదురుగా నేల మీద కూర్చోవాలి. లేవకూడదు. ఆమె కళ్లెదుట అతను బతికున్న మనిషిగా కూర్చుంటే చాలు, తప్పు తీరిపోతుంది. మేకా వద్దు, కల్లూ వద్దు. ఇంత చిన్న శిక్ష ఏ కులపెద్దా వేసి ఉండడు.

ఆదివారం పెట్టుకున్నారు. ఆ రోజు ఆయనకు మధ్యాహ్నం రెండింటి షిఫ్టు. సెలవు పెట్టమన్నాను. "గంటల అయిపోయే పని తమ్మీ, సెలవెందుకు" అన్నాడు. నా బండి మీదే తీసుకెళ్లాను. దారంతా నా వీపు మీద తడుతూ స్పీడు పెంచమన్నాడు. తొమ్మిదిన్నరకు తండా చేరాం.

జంపక్క ఆముదం గోరువెచ్చగా కాచి ఉంచింది. వదిన గోడకు ఆనుకుని కూర్చుంది, ఆయన ఎదురుగా గొంతుకూర్చున్నాడు. లాల్‌సింగ్ బాసిపట్టు వేసుకుని కూర్చోమన్నాడు. కూర్చున్నాడు. కొత్త గాజులు గుత్తంగా ఉన్నాయి. వదిన మోచేతులు తునికాకు కట్టలు మోసి మోసి బిరుసెక్కి ఉన్నాయి. జంపక్క నూనె రాస్తుంది, పిసుకుతుంది, గాజు అంగుళం జరుపుతుంది, ఆగుతుంది, మళ్లీ నూనె రాస్తుంది. ఒక్కొక్క గాజుకు పావుగంట పైన పట్టింది. నొప్పికి వదిన కళ్లల్లో నీళ్లు తిరిగేవి. అయినా ఆమె మొగుణ్ని చూస్తూనే ఉంది. ఆమె అతన్ని అంతసేపు అంత దగ్గరగా చూడటం ఇరవై ఎనిమిదేళ్లలో అదే మొదలేమో.

ఆయన చూపు మాత్రం నా చేతి వాచీ మీదే. పదకొండున్నరకు నాలుగు గాజులెక్కాయి. పన్నెండుంబావుకు ఏడు. ఎడమ చేతికి తొమ్మిదీ ఎక్కేసరికి ఒంటిగంట కావచ్చింది. జంపక్క కుడిచెయ్యి అందుకుంది.

హరిలాల్ అన్న లేచి నిలబడ్డాడు.

"ఇగ చాలు. మిగతయి వచ్చే ఆదివారం ఎక్కిద్దాం. రెండింటికి గేటుకాడ లారీలుంటయి."

"లేవద్దు హరిలాల్" అన్నాడు లాల్‌సింగ్. గట్టిగా కూడా అనలేదు.

అప్పుడు లాలి వదిన నోరు విప్పింది.

"ఇంకో మూడు గంటలు కూసో" అంది. "నిన్ను ఎన్నడేమి అడగలే. ఇదొక్కటి అడుగుతున్న."

ఆయన ఆగాడు. నిజం చెప్పాలి, ఆగాడు. ఆయన దవడ కదిలింది. గోడను చూశాడు, ఆమె బోసి చేతిని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. ఆ చూపుకు నేను, "ఒక్కరోజు లేటైతే ఏం కాదన్నా, నేను చెప్తాలే" అని ఉంటే కూర్చునేవాడని ఇప్పటికీ నమ్ముతాను. కాటా దగ్గర నాకూ రెండింటికే డ్యూటీ. ఆకలేస్తోంది. ఆముదం వాసనకు తల నొప్పిగా ఉంది. నిదానం నిదానం అని ఊరంతా చెప్పుకు తిరిగే నేను బయటికి పోయి బండి స్టార్ట్ చేశాను.

ఆయన వచ్చి వెనక కూర్చున్నాడు. జంపక్క లోపలి నుంచి అడగడం వినపడింది, ఈ తొమ్మిది ఏం చేయనే అని.

"ఉండనియ్ అత్తా" అంది వదిన. "కూసున్నంతసేపు ఉన్నడు. గన్నే చాలు."

నాలుగు రోజుల తర్వాత ఆమె సారపాక తిరిగి వచ్చింది. వంట చేసింది, బట్టలుతికింది, గుమ్మంలో కూర్చుని అద్దాలు కుట్టింది. దేనికీ లోటు చేయలేదు. కానీ ఎడమ చేతికి మోచెయ్యి పైన తొమ్మిది గాజులు, కుడి చెయ్యి బోసి. బజారులో తండా ఆడవాళ్లు ఆమెను ఎడమ పక్క నుంచి చూసి పలకరించి, కుడి పక్కకు రాగానే మాట మింగేసేవాళ్లు. పెళ్లిళ్లకు పిలవాలో వద్దో తెలియక పిలవడం మానేశారు. కొడుకు ఇంట్లో పాప బారసాలకు ప్రమీల వాళ్ల అమ్మ, ఈమెను ఉయ్యాల దగ్గరికి రానివ్వలేదు. ఆమె వంటింట్లో కూర్చుని, తిరుగు బస్సుకు ఇల్లు చేరింది. హరిలాల్ అన్న అప్పుడు షిఫ్టులో ఉన్నాడు. వచ్చే ఆదివారం అని ఆయన దాదాపు నాలుగేళ్లు అన్నాడు. ప్రతి ఆదివారమూ గేటు ముందు ఏవో లారీలు ఉండేవి.

2009 డిసెంబరులో ఆయనకు దండ వేసి పంపించారు. మొదటి వారం రోజులు పొద్దున్నే అలవాటుగా గేటు దాకా వచ్చేవాడు. కొత్త టోకెన్ క్లర్కు, "ఏం పని పెద్దాయనా?" అని అడిగాక మానేశాడు.

మొన్న సంక్రాంతి దాటాక వాళ్లింటికి పోయాను. పదకొండు గంటల వేళ. హరిలాల్ అన్న వాకిట్లో చాప మీద బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. ముందు ఒక గుడ్డలో తొమ్మిది గాజులు, పక్కన గిన్నెలో ఆముదం. జంపక్కను తండా నుంచి పిలిపించి ఇంట్లోనే పెట్టుకున్నాడట, ఇరవై రోజుల నుంచి. ముసలావిడ అరుగు మీద కునుకు తీస్తోంది. లాలి వదిన గుమ్మంలో చేట ముందు పెట్టుకుని బియ్యం ఏరుతోంది, ఒక్కొక్క గింజనూ వెలుగుకు తిప్పి చూస్తూ.

"లాలీ, ఇయ్యాల ఎక్కిద్దామా?" అన్నాడు ఆయన. గొంతు చాలా తగ్గింది.

"పనుంది, ఆగు" అంది ఆమె తల ఎత్తకుండా.

నాకు చాయ్ ఇచ్చింది. తనూ ఒక కప్పు తెచ్చుకుని ఊదుకుంటూ కూర్చుంది. నేను ఇంతకాలం అడగనిది అడిగాను. ఆయనకు వినపడుతుందని తెలిసే అడిగాను.

"ఇంకా కోపమేనా వదినా?"

"కోపముంటే ఈ చేతివి గూడ తీసేద్దును తమ్మీ" అంది మామూలుగా. "కోపం లేదు. తీరిక లేదు, గంతే."

హరిలాల్ అన్న అవునవునని తలూపాడు. ఎండ ఆయన మోకాళ్ల దాకా వచ్చింది. నూనె గిన్నెను నీడలోకి జరిపి, మళ్లీ బాసిపట్టు సర్దుకుని కూర్చున్నాడు.